పేరు చెప్పడం వేరు, అనుమతి అడగడం వేరు

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

కొన్నేళ్ల క్రితం ఒక పత్రికకు వచ్చిన వ్యాసాలను పరిశీలించే బాధ్యత నా మీద పడింది. వాటిలో ఒకటి చదవగానే నచ్చింది. భాష తేటగా ఉంది, వాదన బిగువుగా ఉంది. నాలుగో పేజీలో ఒక సంవత్సరం దగ్గర మాత్రం నా చూపు ఆగిపోయింది. 1897 అని ఉండాల్సిన చోట 1891 అని ఉంది. ఏడు ఒకటిగా మారడం అచ్చులో మామూలే. కానీ ఆ తప్పును నేను అంతకుముందే ఎక్కడో చూశాను. ఆ రాత్రి పాత సంచికలన్నీ నేల మీద పరచుకుని వెతికితే దొరికింది. అప్పటికే కన్నుమూసిన ఒక పండితుడి వ్యాసంలో అదే సంవత్సరం, అదే తప్పు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, వేలు ఆనించి చదువుతూ పోయాను. రెండు పేజీలు పొల్లు పోకుండా దిగిపోయాయి, అచ్చుతప్పుతో సహా. ఆ పండితుడి పేరు మాత్రం వ్యాసంలో ఎక్కడా లేదు.

రాసిన వ్యక్తికి ఫోను చేశాను. విషయం చెప్పగానే కొంతసేపు మౌనం. తర్వాత, "ఆయన పోయి చాలా కాలమైంది కదండీ, ఆ హక్కులు ఇంకా ఎవరికైనా ఉంటాయా?" అని అడిగారు. ఆ గొంతులో బుకాయింపు లేదు. నిజంగానే అర్థం కాక అడిగిన మాట అది. నేను అడిగింది పేరు గురించి, ఆయన జవాబు చెప్పింది హక్కు గురించి. ఈ రెండూ ఒకటేనని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం వల్ల ఎంత నష్టం జరుగుతోందో నాకు ఆ రోజు తెలిసింది. ఈరోజు మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

మీ ముందు ఎప్పుడూ రెండు ప్రశ్నలు ఉంటాయి. దీన్ని వాడుకునే హక్కు నాకు ఉందా? ఇది ఎవరిదో నా పాఠకుడికి చెప్పానా? మొదటిదానికి చట్టం జవాబు చెబుతుంది. రెండోదానికి చాలావరకు మీరే చెప్పుకోవాలి. ఒకదానికి చెప్పిన జవాబు రెండోదానికి చెల్లదు.

చట్టమే లేని కాలానికి వెళ్దాం. మొదటి శతాబ్దంలో రోమ్‌లో మార్షల్ అనే కవి ఉండేవాడు. అతని పద్యాలను మరొకడు సభల్లో తనవిగా చదువుతున్నాడని తెలిసింది. అప్పటికి ముద్రణ లేదు, కాపీరైట్ లేదు. అయినా మార్షల్ ఊరుకోలేదు. పరుల మనుషులను ఎత్తుకుపోయే దొంగకు లాటిన్‌లో ఒక పేరుంది, ప్లాగియారియస్. మార్షల్ ఆ తిట్టును పద్యాలు ఎత్తుకుపోయినవాడికి వాడాడు. గ్రంథచౌర్యానికి ఇంగ్లీషులో వాడే మాట అక్కడినుంచే వచ్చింది. పద్యాలను పిల్లల్లా, మనుషుల్లా భావించి, వాటిని ఎత్తుకుపోయారని ఒక కవి బాధపడ్డాడు. చట్టం పుట్టడానికి పదహారు వందల ఏళ్లకు పైగా ముందు మాట ఇది.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న ఉదాహరణ. అమెరికాలో రూరల్ అనే చిన్న టెలిఫోను సంస్థ తన వినియోగదారుల పేర్లు, ఊర్లు, నంబర్లతో డైరెక్టరీ వేసేది. ఫీస్ట్ అనే మరో సంస్థ ఒక పెద్ద ప్రాంతానికి డైరెక్టరీ తయారుచేస్తూ ఆ వివరాలు అడిగింది. రూరల్ ఇవ్వనంది. ఫీస్ట్ అడగడం మాని తీసుకుంది. రెండు డైరెక్టరీల్లోనూ 1,309 నమోదులు ఒక్కలాగే ఉన్నాయి. వాటిలో నాలుగు అసలు లేని మనుషులవి. ఎవరైనా కాపీ చేస్తే పట్టుకోవడానికని రూరల్ కావాలనే పెట్టిన దొంగ పేర్లు అవి. నకలు కొట్టారని ఇంతకంటే రుజువేం కావాలి? అయినా 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఫీస్ట్ పక్షానే తీర్పు చెప్పింది. పేరు, ఊరు, నంబరు అనేవి వాస్తవాలు, వాటిని ఎవరూ సృష్టించలేదు. అక్షరక్రమంలో పేర్చడంలో కొత్తదనం ఏమీ లేదు. ఎంత చెమటోడ్చినా, చెమట ఒక్కటే కాపీరైట్ తెచ్చిపెట్టదు అని కోర్టు తేల్చింది.

తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. వాస్తవాలకు యజమానులు పుట్టుకొస్తే పరిశోధన అక్కడే ఆగిపోతుంది. కానీ ఒక పరిశోధకురాలు పదేళ్లు తిరిగి సేకరించిన పట్టికను మీరు మీ సిద్ధాంత వ్యాసంలో పెట్టుకుని ఆమె పేరు చెప్పకపోతే, చట్టం మిమ్మల్ని ఏమీ అనకపోవచ్చు. మీ పాఠకుడు మాత్రం ఆ పదేళ్లూ తిరిగింది మీరేననుకుంటాడు. మోసం జరిగింది అక్కడ.

చట్టం సంగతికొస్తే, దాని పుట్టుక తెలుసుకోవడం మంచిది. ఇంగ్లండులో చాలాకాలం పుస్తకాల మీద పెత్తనం పుస్తక వ్యాపారుల సంఘానిది. రచయిత రాతప్రతి అమ్ముకున్నాక అతనికి ఇక ఏ సంబంధమూ లేదు. 1710లో వచ్చిన ఆన్ రాణి కాలపు చట్టం తొలిసారిగా రచయితను హక్కుదారుగా గుర్తించింది. కొత్త పుస్తకానికి 14 ఏళ్లు, అప్పటికి రచయిత బతికి ఉంటే మరో 14 ఏళ్లు. ఆ చట్టం శీర్షికలోనే విద్యను ప్రోత్సహించడానికి అని రాసి ఉంది. వ్యాపారులు ఊరుకోలేదు. హక్కు శాశ్వతమని దశాబ్దాలపాటు వాదించారు. 1774లో ప్రభువుల సభ ఆ వాదాన్ని కొట్టివేసింది. గడువు తీరాక పుస్తకం అందరిదీ. అంటే హక్కు, దాని ముగింపు, రెండూ ఒకే ఆలోచనలో భాగాలు. గడువు తీరడాన్ని రచయితకు జరిగిన అన్యాయంగా చూసేవారు ఈ చరిత్రను ఒకసారి చదవాలి.

1886 నాటి బెర్న్ ఒప్పందం దీన్ని దేశాల హద్దులు దాటించింది. రాసిన క్షణం నుంచే హక్కు వస్తుందని, ఎక్కడా నమోదు చేయించుకోనక్కర్లేదని తర్వాతి సవరణలు స్థిరపరిచాయి. పుస్తకం మీద గుండ్రని గీతలో సీ అక్షరం లేదు కాబట్టి ఇది ఎవరిదీ కాదు అనుకోవడం ఈ కారణంగానే తప్పు. గడువు కనీసం రచయిత మరణించాక 50 ఏళ్లు. భారతదేశంలో 60, యూరప్ దేశాల్లో 70. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో మరణించారు. ఆయన రచనలు స్వేచ్ఛ కావాల్సిన సమయానికి, 1992లో, భారతదేశం గడువును 50 నుంచి 60కి పెంచింది. ఒకే పుస్తకం ఒక దేశంలో అందరిదీ అయి, మరో దేశంలో ఇంకా హక్కుల కిందే ఉండవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మూలరచన గడువు తీరినా దాని అనువాదం గడువు తీరకపోవచ్చు. రెండు వేల ఏళ్ల నాటి కావ్యానికి నిరుడు వచ్చిన అనువాదం ఆ అనువాదకుడిదే. పాత పుస్తకం కదా అని కొత్త అనువాదాన్ని ఎత్తి రాసేవారిని చాలామందిని చూశాను. అనువాదకుల పేరు వదిలేయడం మన దగ్గర ఎంత అలవాటైపోయిందంటే, అది తప్పని గుర్తుచేస్తే ఆశ్చర్యపోతారు.

కాపీరైట్ భావానికి ఉండదు, దాన్ని చెప్పిన తీరుకు ఉంటుంది. ఇది చట్టంలో పునాది సూత్రం. ఇది విన్నాక చాలామందికి ధైర్యం వస్తుంది. మాటలు మార్చేస్తే సరిపోతుంది అనుకుంటారు. నేను దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

తొమ్మిదో శతాబ్దపు ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఈ ప్రశ్ననే ఎత్తుకున్నాడు. ఒక కవి మాట మరో కవి మాటను పోలి ఉండడం మూడు రకాలన్నాడు. మొదటిది అద్దంలో ప్రతిబింబం లాంటిది. దానికి సొంత ప్రాణం లేదు. రెండోది బొమ్మ గీసినట్లుండేది. దానికి ఉన్నది తుచ్ఛమైన ప్రాణం. మూడోది ఇద్దరు మనుషులు ఒకే పోలికలో ఉండడం లాంటిది. అక్కడ ఎవరి ప్రాణం వారికుంది. మొదటి రెండూ వదిలేయాలి, మూడోదాన్ని వదలనక్కర్లేదు అన్నాడు. తర్వాత రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణం, అర్థహరణం అని విడదీసి అధ్యాయాలకు అధ్యాయాలు రాశాడు. మాటలు తీసుకోవడం ఒకటి, అర్థం తీసుకోవడం ఇంకొకటి అని వారికి అప్పుడే తెలుసు.

ఆ అద్దాన్ని, ఆ బొమ్మను మీకు దగ్గరగా చూపిస్తాను. ఈ వాక్యం నేను ఈ ప్రసంగం కోసం రాసుకున్నది. వినండి:

"నది తన ఒడ్డును ఏటేటా తిరగరాసుకుంటుంది, పటం గీసినవాడు మాత్రం ఒక్కసారే గీసి వెళ్లిపోతాడు."

దీన్ని యథాతథంగా మీ వ్యాసంలో పెట్టి నా పేరు చెప్పకపోతే అది ప్రతిబింబం. పట్టుకోవడం తేలిక. ఇప్పుడు ఇది వినండి: "ఏరు తన గట్టును ప్రతి సంవత్సరం మళ్లీ లిఖించుకుంటుంది, చిత్రపటం వేసినవాడు మాత్రం ఒకేసారి వేసి నిష్క్రమిస్తాడు." ఒక్కో మాట మారింది. నది ఏరైంది, ఒడ్డు గట్టైంది, ఏటేటా ప్రతి సంవత్సరమైంది. కానీ వాక్యం నడక అదే, మధ్యలో విరుపు అదే, "మాత్రం" పడిన చోటు కూడా అదే. పైగా వాక్యం పాడైంది. నిఘంటువు పక్కన పెట్టుకుని చేసిన పని ఇది. నేను చదివే సిద్ధాంత వ్యాసాల్లో ఎక్కువగా కనిపించేది ఈ బొమ్మే. రాసినవారు దీన్ని సొంత రాత అనుకుంటారు, అదే నన్ను ఎక్కువ కలచివేస్తుంది.

మూడో దారి ఇలా ఉంటుంది: "నది ఒరుసుకుపోయే చోట్ల పాత పటాలను నమ్మలేమని ఫలానావారు గుర్తుచేశారు. నా పరిశీలనలో మాత్రం పాత పటం మరో పనికి వచ్చింది. ఒడ్డు ఎంత జరిగిందో కొలవడానికి అదే ఆధారం." ఇక్కడ భావం తీసుకున్నారు, ఎవరిదో చెప్పారు, దానితో పేచీ పడి ముందుకు వెళ్లారు. ఇందులో ఒక మనిషి ఉన్నారు. దీనికి ఒక చిట్కా చెబుతాను. చదివిన పుస్తకం మూసేయండి. కాసేపు ఆగి, మీకేం అర్థమైందో ఎదుటి మనిషికి చెబుతున్నట్లు రాయండి. తర్వాత పుస్తకం తెరిచి సరిచూసుకోండి. అలాగే నోట్సు రాసుకునేటప్పుడు ఇతరుల మాటలను తప్పకుండా ఉద్ధరణ చిహ్నాల్లో, పేజీ సంఖ్యతో రాసుకోండి. మూడేళ్ల తర్వాత ఆ నోట్సు తెరిస్తే ఏది మీ వాక్యమో, ఏది కాదో మీకే తెలియదు. తెలియక జరిగే చౌర్యంలో ఎక్కువ భాగం నోట్సులోనే పుడుతుంది.

మనకు ప్రత్యేకంగా పట్టిన జాడ్యం ఇంకొకటి ఉంది. వేరే భాషలో చదివి, తెలుగులో సొంత వ్యాసంగా రాయడం. పోలికలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అక్షరాలకు అక్షరాలు కలిపి చూస్తుంది. భాష మారితే దానికి తరచుగా చూపు ఆనదు. నివేదికలో పోలిక సున్నా శాతమని వస్తుంది, అధ్యాయం అధ్యాయమంతా వేరొకరిది. మరోవైపు, ప్రతి ఉల్లేఖనకూ నిజాయతీగా ఆధారం చూపిన విద్యార్థికి ముప్పై శాతమని వస్తుంది. ఆ అంకె చూసి భయపడి ఉల్లేఖనలను తీసేసి మాటలు మార్చమని సలహా ఇచ్చే పర్యవేక్షకులు ఉన్నారు. పెద్దలు కూర్చున్న సభలోనే ఈ మాట అంటున్నాను: అది విద్యార్థిని నిజాయతీ నుంచి చౌర్యం వైపు నెట్టడమే. ఆ శాతం ఎక్కడెక్కడ చూడాలో చెబుతుంది, అంతే. చూడాల్సింది మనిషి.

అనువాదం చేయడం గొప్ప పని. దాన్ని అనువాదమనే చెప్పండి. మూలరచన హక్కుల గడువులో ఉంటే ప్రచురించే ముందు అనుమతి తీసుకోండి. "అనుసరణ", "స్వేచ్ఛానువాదం" అని కింద వేసినంత మాత్రాన అనుమతి అక్కర్లేకుండా పోదు. ఆ మాటలు మూలం ఉందని ఒప్పుకుంటాయి, మూలరచయిత ఒప్పుకున్నాడని చెప్పవు.

ఇక్కడ నా రెండు ప్రశ్నలు తలకిందులవుతాయి, గమనించండి. ఇందాకటి వ్యక్తి హక్కు గడువు గురించి ఆలోచించి పేరు మరిచారు. ఇప్పుడు నేను చెప్పబోయేది పేరు చెప్పి, అనుమతి మరిచినవారి గురించి. ఒక కథ మొత్తాన్ని ఫోనులో టైపు చేసి, కింద "రచయితకు కృతజ్ఞతలతో" అని పెడతారు. పుస్తకం మొత్తం స్కాన్ చేసి పంచుతూ "హక్కుల ఉల్లంఘన మా ఉద్దేశం కాదు" అని రాస్తారు. ఉద్దేశం కాకపోవచ్చు, జరిగింది మాత్రం అదే. ఇంకా బాధ కలిగించేది "సేకరణ" అనే మాట. ఒకరి కవిత పది చేతులు మారేసరికి కవి పేరు రాలిపోతుంది, కింద "సేకరణ" అని వేరే పేరు మొలుస్తుంది. ఛాయాచిత్రాల కింద "ఇంటర్నెట్ సౌజన్యంతో" అని వేస్తారు. ఇంటర్నెట్‌కు సౌజన్యం ఉండదు. ఆ ఫొటో తీసినవారికి ఉంటుంది, వారిని అడిగితే.

అలాగని ప్రతిదానికీ అనుమతి కోసం పరుగెత్తనక్కర్లేదు. ఇది కూడా అంతే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే భయంతో ఉల్లేఖించడమే మానేసే విద్యార్థులు ఉన్నారు. వెలువడిన రచన నుంచి ఉల్లేఖించే వీలును బెర్న్ ఒప్పందమే కల్పించింది. ఆ ఉల్లేఖన న్యాయమైన పద్ధతికి లోబడి, ప్రయోజనానికి తగినంత మేరకే ఉండాలి. మూలాన్ని, రచయిత పేరును పేర్కొనాలి. చట్టం కూడా పేరును పూర్తిగా వదిలేయలేదని ఇక్కడ తెలుస్తుంది. విమర్శ, సమీక్ష, సొంత అధ్యయనం, పరిశోధన కోసం వాడుకునే వీలు చాలా దేశాల చట్టాల్లో ఉంది. ఎన్ని మాటల వరకు అని అడుగుతారు. లెక్క లేదు. పది శాతం అనో, మూడు వందల మాటలనో వినిపించేవి ఊహలు. నాలుగు పాదాల కవితలో నాలుగూ తీసుకుంటే అది మొత్తం రచనే. అయినా దాని మీద ఐదు పేజీల విమర్శ రాస్తే అది న్యాయమే కావచ్చు. అలంకారం కోసం మీ పుస్తకం మొదటి పేజీలో వేసుకుంటే కాకపోవచ్చు.

విద్యార్థుల కోసం పాఠ్యభాగాలను జిరాక్స్ తీసి పుస్తకాలుగా కుట్టి ఇవ్వడం తప్పని 2012లో మూడు పెద్ద ప్రచురణ సంస్థలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. బోధనకు అవసరమైన మేరకు అది చెల్లుతుందని 2016లో కోర్టు చెప్పింది. 2013 నాటి మర్రకేష్ ఒప్పందం చూపులేనివారికి చదవగలిగే రూపంలో పుస్తకాలు తయారుచేసి, దేశాల మధ్య పంచుకునే వీలు కల్పించింది. దాన్ని ధ్రువీకరించిన మొదటి దేశం భారతదేశం. ఇలాంటి మినహాయింపులను దొడ్డిదారులుగా చూడకండి. 1710 నాటి శీర్షికలో ఉన్న విద్య అనే మాటకు ఇవే కొనసాగింపు.

మీ సొంత రాతల గురించి కూడా ఒక మాట. మొదటి వ్యాసం అంగీకరించారన్న సంతోషంలో పత్రిక పంపిన ఒప్పందం చదవకుండానే సంతకం పెట్టేస్తారు. అందులో చాలాసార్లు హక్కులన్నీ ప్రచురణకర్తకు బదిలీ అయిపోతాయి. తర్వాత మీ వ్యాసాన్నే మీ పుస్తకంలో చేర్చుకోవడానికి మీరు అనుమతి అడగాల్సి వస్తుంది. చదవండి, అడగండి, అవసరమైతే ఒక వాక్యం మార్చమనండి. పంచుకోవాలని ఉంటే 2002 నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఉన్నాయి. మీ రచనను ఎవరు, ఏ షరతుల మీద వాడుకోవచ్చో ముందే చెప్పేస్తారు. వికీపీడియా రాతలు అలాంటి లైసెన్సు కిందే ఉన్నాయి. ఉచితం కాబట్టి ఎవరివీ కావనుకుని పేరాలు ఎత్తి రాస్తే, ఆ లైసెన్సు పెట్టిన మొదటి షరతునే, పేరు చెప్పాలన్నదాన్నే, మీరినట్లవుతుంది.

యంత్రాల చేత రాయించడం గురించి అడుగుతారని తెలుసు. చట్టం ఇంకా కుదురుకోలేదు. మనిషి రచయితగా లేని బొమ్మకు కాపీరైట్ రాదని 2025లో అమెరికాలో ఒక అప్పీళ్ల కోర్టు చెప్పింది. నా ఆందోళన మాత్రం రెండో ప్రశ్న గురించి. ఆ వాక్యం ఎవరినుంచి వచ్చిందో యంత్రం నమ్మకంగా చెప్పలేదు, కొన్నిసార్లు లేని పుస్తకాలను ఆధారాలుగా చూపుతుంది. మీరు తెరిచి చూడని పుస్తకాన్ని ఆధారంగా చూపకండి.

ఇక ప్రశ్నలు. అక్కడ వెనక కూర్చున్నావు, అడుగమ్మా.

(ఒక విద్యార్థిని: "మా తాతగారికి ఒక రచయిత రాసిన ఉత్తరాలు మా ఇంట్లో ఉన్నాయండీ. అవి మావే కదా, వాటిని పుస్తకంగా వేసుకోవచ్చా?")

చాలా మంచి ప్రశ్న. ఇది 1741లోనే ఇంగ్లండు కోర్టుకు వచ్చింది. అలెగ్జాండర్ పోప్ అనే కవి ఉత్తరాలను కర్ల్ అనే ప్రచురణకర్త అచ్చువేశాడు. ఉత్తరం అందుకున్నవారికి కాగితం మీద హక్కు ఉంటుంది, అందులోని మాటల మీద హక్కు రాసినవారిదే అని న్యాయమూర్తి తేల్చారు. ఇప్పటికీ అంతే. ఆ కాగితాలు మీవి. దాచుకోవచ్చు, గ్రంథాలయానికి ఇవ్వచ్చు. మాటలు ఆ రచయితవి, ఆయన లేకపోతే ఆయన వారసులవి. వారెవరో కనుక్కుని, ఏ ఉత్తరాలు వేయదలుచుకున్నావో నకళ్లు పంపి, రాతపూర్వకంగా అనుమతి అడుగు. ఆ ఉత్తరాల్లో వేరేవాళ్ల ఇంటి సంగతులు ఉంటాయి. అవి ముందు నువ్వే చదివి గుర్తు పెట్టుకో. ఒకవేళ వారసులు వద్దంటే, ఆ ఉత్తరాల్లో తెలిసే విషయాలను నీ మాటల్లో రాయవచ్చు, ఏ ఉత్తరం, ఏ తేదీ అన్నది చూపిస్తూ. ఉత్తరాలు భద్రంగా ఉన్నాయా? కాగితం పెళుసెక్కి ఉంటే, ముందు వాటిని ఫొటోలు తీసి పెట్టుకోమ్మా. అనుమతి రావడానికి నెలలు పట్టవచ్చు.